పాత కారునకు నాడీపరీక్ష



ముప్పదినాలుగేండ్లు పిల్లలకు సంధులును సమాసములును చెప్పి విరమించిన తెలుగు పండితుడు మోటారుకారు డాష్ బోర్డును గూర్చి ప్రసంగింప వచ్చెనని వినగా మీలో కొందరికి నవ్వు పుట్టవచ్చును. పుట్టినను దోషము లేదు. మా కొత్తకోటలో ఇదివరకే పలువురు నవ్వియున్నారు. బండి మూత ఎత్తి, ధోవతి చెరగు నడుమునకు చెక్కుకొని, చేతిలో స్పానరు పట్టుకొని నిలిచిన నన్ను చూచి నా పూర్వశిష్యుడొకడు దారిన పోవుచు ఆగి, "సార్, ఇది ఏ సంధి?" అని అడిగెను. నట్టు బోల్టుతో కలిసినప్పుడు ఏర్పడునది అని చెప్పితిని గాని, ఆనాటికి ఆ రెంటిని కలుపుట నాకు చక్కగా తెలియదు.

మా ఊరు హైదరాబాదు నుండి కర్నూలు పోవు రాజమార్గము మీద ఉన్నది. పూర్వము 7వ నెంబరు అనియు, ఇప్పుడు 44వ నెంబరు అనియు పిలువబడు జాతీయరహదారి అది. అడ్డాకుల దాటినపిమ్మట, పెబ్బేరు రాకముందు మా ఊరు తగులును. చేనేతచీరలకు పేరున్న ఊరు. వనపర్తి రోడ్డు అను పేరుగల రైలుస్టేషను మాకు చేరువనున్న మదనాపురమున నున్నది. అట్లు బాటల నడుమ నుండుటచేత మావారికి బండ్లతో పరిచయము ఎక్కువ. నాకు మాత్రము ఆ పరిచయము అరువదవయేట, అదియు ఒక ఆపదవలన కలిగినది.

నా బండి 1974లో తయారైన అంబాసిడరు. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి హిందుస్థాన్ మోటార్సు వారు పశ్చిమ వంగదేశములోని ఉత్తరపాడాలో ఈ జాతి బండ్లను 1958 మొదలు చేయుచు వచ్చి, 2014లో ఆపివేసిరి. ఇది మొదట మా అన్నగారిది. ఆయన వైద్యులు. పురిటినొప్పులు పడుచున్న స్త్రీలను, పాము కరచినవారిని, పొలములో పడి కాలు విరిగినవారిని ఈ బండి వెనుకసీటు మీద పరుండబెట్టి ఎన్ని రాత్రులు వనపర్తికో కర్నూలునకో చేర్చిరో లెక్క లేదు. ఆయన గతించిన తరువాత బండి నాకు వచ్చినది. తుక్కువానికి ఇమ్మని బంధువులు చెప్పిరి. నాకు మనసొప్పలేదు. ఇంతే దీని చరిత్ర.

బండి నా చేతికి వచ్చునప్పటికి డాష్ బోర్డులో వేగము చూపు మీటరును, పెట్రోలు చూపు ముల్లును మాత్రమే పనిచేయుచుండెను. నడుమ ఎవరో మెకానిక్కు రెండు ఎర్రదీపములను అమర్చియుండెను. ఒకటి ఆయిలు పీడనము పడిపోయినప్పుడు వెలుగును. రెండవది డైనమో బ్యాటరీకి విద్యుత్తు పంపనప్పుడు వెలుగును. ఇంజను వేడిని చెప్పునది ఏదియు లేదు. దీపములు రెండు ఆరియున్న యెడల అంతయు క్షేమమని నేను నమ్మియుంటిని.

2019 సంవత్సరము మే నెలలో నేనును మా ఇంటివారును అలంపురము జోగులాంబ దర్శనమునకు బయలుదేరితిమి. మధ్యాహ్నమగుచున్నది. బీచుపల్లి దగ్గర కృష్ణానది వంతెన చేరువకు వచ్చునప్పటికి బండి లాగుట తగ్గినది. ఎదురుగాలి కాబోలు ననుకొంటిని. కొంత దూరమునకు కాలుచున్న రంగు వాసన వచ్చినది. ముందు పోవు లారీది కాబోలు ననుకొంటిని. తరువాత మూత సందుల నుండి ఆవిరి వెడలెను. అప్పుడు, చిట్టచివరకు, ఆ ఎర్రదీపము వెలిగినది. మండుటెండలో అది వెలిగినట్లుకూడ నాకు కనబడలేదు. మా ఇంటివారే చూచి చెప్పిరి. బండి దానంతట అది నిలిచిపోయినది.

చెట్టు నీడ లేని చోట రెండు గంటలు నిలిచితిమి. మా ఇంటివారికి రక్తపోటు కలదు. ఆమె ముఖము ఎర్రబడి, మాట తడబడుట చూచి నాకు కాళ్లు చల్లబడినవి. దారిన పోవు ఆటోవారొకరు ఆమెను ఎక్కించుకొని పెబ్బేరు చేర్చిరి. వారి మేలు మరువలేను. బండిని ట్రాక్టరునకు త్రాడు కట్టి లాగించుకొని కొత్తకోటకు తెచ్చితిని.

మెకానిక్కు విప్పి చూపెను. రేడియేటరు అడుగుగొట్టము నుండి నీరు కొంచెముకొంచెముగా కారిపోయినది. నీరు లేక ఇంజను అమితముగా వేడెక్కి సిలిండరు హెడ్డు వంగినది. దాని క్రింది గ్యాస్కెట్టు కాలినది. ఆ వేడికి ఆయిలు నీళ్లవలె పలుచనై పీడనము నశించి, బేరింగులు గీచుకొనిపోయినవి. దీపము వెలిగినది ఈ కథకంతకును చివర. ఆయిలు దీపపు స్విచ్చు సాధారణముగా చదరపు అంగుళమునకు పది పౌనులకంటె తక్కువకు పీడనము పడిపోయినప్పుడే దీపమును వెలిగించును. యాబది పౌనులు ఉండవలసినది ఇరువదికి దిగినను దీపమునకు పట్టదు. ఆ మెకానిక్కు ఒక్కమాటలో చెప్పెను: "సార్, ఆ దీపం ఎలిగిందంటే, మనిషి పోయినంక కబురు వచ్చినట్టే."

ఇంగ్లీషు మాటలాడువారు ఈ హెచ్చరిక దీపములకు 'మూర్ఖుల దీపము' అని పరిహాసపు పేరు పెట్టిరని తరువాత తెలిసికొంటిని. ఆ పేరులోని మూర్ఖుడు నేనే గనుక నాకు కోపము రాలేదు.

హెడ్డును లేతుషాపులో చదును చేయించుటకును, బేరింగులు మార్పించుటకును రెండు నెలల పింఛను చాలలేదు. బండి మరల నడచినది. కాని మా ఇంటివారు, తాము ఇక ఆ బండిలో కాలు పెట్టమని చెప్పివేసిరి. వాదించుటకు నాకు నోరు లేదు. అయితే ఒకనాటి ఉదయము ఆమె చేతికి పట్టీ చుట్టుకొని రక్తపోటు యంత్రము చూచుకొనుచు, అంకెలను పుస్తకములో వ్రాసికొనుచు, తలయెత్తకయే ఇట్లనిరి: "నాకు కండ్లు తిరిగి పడినంకనే తెలుసుకునేటట్టుంటే ఈ మిషను ఎందుకు కొన్నరు? ఆ బండికి ఇట్లాంటిది ఒకటి లేదా?"

ఉన్నది. నేటి నా ప్రసంగమంతయు ఆమె ప్రశ్నకు జవాబు.

ఇక్కడ పేరును గూర్చి ఒక మాట. నాకు 'మాపకము' అను శబ్దము ఇష్టము. తాపమాపకము, పీడనమాపకము అని కొత్తకోట బస్టాండు దగ్గర స్పేర్ పార్టుల దుకాణములో అడిగి చూచితిని. ఆ దుకాణదారు మర్యాదస్థుడు. ఆయుర్వేద దుకాణము ప్రక్కసందులో నున్నదని దారి చూపెను. మీటరు అనగానే డబ్బా తీసి బల్లమీద పెట్టెను. కావున నేనును మీటరనియే చెప్పెదను. దాని సూచిని అందరు ముల్లు అందురు. అదియు మంచి మాటయే.

బండికి వేడి చూపు సాధనము క్రొత్తది కాదు. అమెరికాలో హారిసన్ బాయిస్ అనువాడు 1912లో పేటెంటు పొందిన మోటోమీటరు రేడియేటరు మూతమీదనే నిలిచి, ఎదుటి అద్దములోనుండి చూచిన నడపువానికి కనబడుచుండెడిది. అది నీటి పైనున్న ఆవిరి వేడిని చూపెడిది. రేడియేటరు మూత ఇనుప కప్పుక్రిందికి పోయిన తరువాత మీటరు డాష్ బోర్డునకు వచ్చినది. కాలక్రమమున ఖర్చు తగ్గించుటకై చాల బండ్లలో ముండ్లకు బదులు దీపములు వచ్చినవి. నేటి క్రొత్త కార్లలో ముల్లు ఉన్నచోటను, చాలవాటిలో వేడి కొంత హెచ్చినను తగ్గినను అది నడుమనే కదలక నిలుచునట్లు కావలెననియే చేసియుందురు. నడపువాడు ఊరక భయపడకుండుటకట. అట్టి ముల్లు దీపమునకు అన్న వంటిది, అంతే.

పాతబండికి నేను అమర్చించినవి మూడు మీటర్లు: వేడి, ఆయిలు పీడనము, విద్యుత్తు. వీనిలో వేడి మీటరు కథ పెద్దది.

వేడి మీటర్లు రెండు తెగలు. ఒకటి విద్యుత్తుతో నడచునది. ఇంజనులో బిగించు సెండరు అను చిన్న గుండీ వేడినిబట్టి తన గుండ పోవు విద్యుత్తును ఎక్కువగనో తక్కువగనో పోనిచ్చును. ఆ తేడాను ముల్లు చూపును. ఇందులో సెండరును మీటరును ఒకదానికొకటి జతగా చేసినవై యుండవలెను. ఒక కంపెనీ సెండరునకు మరియొక కంపెనీ మీటరును కట్టిన యెడల ముల్లు ఆడును గాని, చెప్పునది అబద్ధము. సెండరు మరలకు నీరు కారకుండుటకని తెల్లటేపు దట్టముగా చుట్టుదురు. అది ఇంజనుతో దాని స్పర్శను అడ్డగించి విద్యుత్తు తిరుగుబాటను చెడగొట్టును. ఇదియు ముల్లుచేత అబద్ధమాడించును.

రెండవ తెగ విద్యుత్తు అక్కరలేనిది. నాకు నచ్చినది అదియే. ఒక చిన్న రాగిబుడ్డి. దానినుండి మీటరు వరకు వెంట్రుకవంటి రంధ్రముగల సన్నని లోహపుగొట్టము. బుడ్డిలో ఈథరు వంటి, త్వరగా ఆవిరియగు ద్రవము. బుడ్డి ఇంజను నీటిలో మునిగియుండును. నీరు వేడెక్కినకొలది లోపలి ఆవిరి ఒత్తిడి హెచ్చి గొట్టము ద్వారా మీటరును చేరును. మీటరులోపల చంద్రవంకవలె వంగి, అణచబడి చదునైన గొట్టమొకటి ఉండును. ఒత్తిడి హెచ్చినప్పుడు అది తన వంపును సడలించుకొని చక్కబడ చూచును. చిన్నపిల్లలు ఊదు కాగితపు బూర చుట్ట విప్పుకొనునట్లే. దాని కొస కదలికయే ముల్లును త్రిప్పును. ఈ వంపుగొట్టమును ఫ్రాన్సు దేశీయుడు యూజీన్ బూర్డన్ 1849లో కనిపెట్టెను. ఆవిరియంత్రములకు చేసిన ఆ ఉపాయము నూటడెబ్బదియేండ్లు దాటిన తరువాత కొత్తకోటలో నా అంబాసిడరునకు అక్కరకు వచ్చినది. ఆయిలు మీటరులోను ఇదే గొట్టము.

ఇక నా తప్పు చెప్పెదను. మీటరు కొని తెచ్చితిమి. గొట్టము ఆరడుగులున్నది. ఇంజను నుండి డాష్ బోర్డుకు అంత అక్కరలేదు. మెకానిక్కు భోజనమునకు పోయియుండెను. అక్కడ పనినేర్చుకొను పిల్లవాడు మాత్రముండెను. వ్యాసము దిద్దునప్పుడు అధికముగా నున్న పదమును కొట్టివేయుట నాకు ముప్పదినాలుగేండ్ల అలవాటు. మిగిలిన గొట్టము చుట్టలుగా వ్రేలాడుట నా కంటికి పునరుక్తిదోషమువలె తోచినది. "నడుమ కోసి కలుపరాదా?" అంటిని. ఆ పిల్లవాడు సందేహించెను. "సార్ చెప్పుచున్నాను, కోయుము" అంటిని. కోసెను. తియ్యని, ఆసుపత్రివాసన వంటి వాసన ఒక్కక్షణము వచ్చిపోయినది. మీటరుముల్లు అట్టడుగున పడుకొన్నది. మరల లేవలేదు.

మెకానిక్కు వచ్చి చూచి పిల్లవానిమీద చేయి ఎత్తెను. అడ్డుపడి, చెప్పినవాడను నేనని ఒప్పుకొంటిని. ఆ గొట్టమును కోయరాదు, నలుపరాదు, పదునుగా మడవరాదు. మిగిలిన భాగమును అరచేయి వెడల్పు చుట్టలుగా మెల్లగా చుట్టి, వేడి సైలెన్సరు గొట్టమునకు దూరముగా కట్టవలెను. ఆ చుట్టలే ఇంజను అదురును తామనుభవించి గొట్టము విరుగకుండ కాచును. నేను అధికమనుకొన్నది దాని ప్రాణము. రెండవ మీటరు హైదరాబాదు నుండి వచ్చుటకు ఎనిమిది దినములు పట్టెను. ఆ ఎనిమిది దినములు నేను ఆ షెడ్డు ముందునుండి నడువక వేరుసందున పోవుచుంటిని.

బుడ్డి బిగించు చోటు సిలిండరు హెడ్డు ముందుభాగమున, థర్మోస్టాటు చేరువనున్నది. ముందుగా నీటిని ఆ మట్టమునకు క్రిందికి దింపవలెను. ఇంజను చల్లబడియుండవలెనని వేరుగా చెప్పనేల? మర ఒకటి రెండు చుట్లు తిరిగినంతనే సరిపోయినదనుకొనరాదు. ఇంగ్లీషు మరలు వేరు, మెట్రిక్కు మరలు వేరు. చేతితో నాలుగైదు చుట్లు తేలికగా పోయినదే సరియైన మర. స్పానరుతో బలవంతముగా పోయినది కాదు.

ఆయిలు మీటరు పని తేలిక, ప్రమాదము ఎక్కువ. వేడి మీటరు గొట్టములో వచ్చునది ఆవిరి ఒత్తిడి మాత్రమే. ఆయిలు మీటరు గొట్టములో ఇంజను ఆయిలే, కాగుచున్నది, మన మోకాళ్లమీదికి వచ్చును. గొట్టము పగిలినయెడల ధోవతి పోవుట అటుంచి, ఇంజనులోని ఆయిలు ఖాళీయగును. అందుచేత కీలుకీలు చక్కగా బిగింపవలెను. రాగిగొట్టమైన యెడల ఇంజను దగ్గర రెండు మూడు చుట్టలు పెట్టవలెను. రాగి అదరి అదరి గట్టిపడి పగులును. పాత దీపపు స్విచ్చును తీసి పారవేయక, మూడుమొగముల 'టీ' బిగించి ఒకవైపు స్విచ్చు, ఒకవైపు మీటరు కలిపితిమి. దీపమును నిందించినాను గదా, ఎందుకు ఉంచుకొంటివనెదరేమో. ముల్లు వివరము చెప్పును గాని పిలువదు. దీపము వివరము చెప్పదు గాని పిలుచును. రెండును కావలెను. పని ముగిసినపిమ్మట మీటరు క్రింద పాతవార్తాపత్రిక పరచి పది నిమిషములు ఇంజను నడిపితిమి. కాగితము మీద చుక్క పడలేదు. ఆనాటి పత్రికలో నేను మిక్కిలి శ్రద్ధగా చూచిన పుట అదియే.

విద్యుత్తునకు పాతకాలమువారు ఆంపియరు మీటరు పెట్టెడివారు. బండి విద్యుత్తు చాలభాగము దానిగుండనే పోవును గనుక లావుతీగలను డాష్ బోర్డు దాక తేవలెను. ఒక కొస వదులైన నిప్పు పుట్టును. వోల్టుమీటరు అట్లు కాదు, ప్రక్కనుండి చూచిపోవునది. సన్నతీగ చాలును. తాళము త్రిప్పినప్పుడే విద్యుత్తు వచ్చు తీగనుండి, రెండు ఆంపియర్ల ఫ్యూజు పెట్టి తీసికొంటిమి. ఇంజను నిలిచియున్నప్పుడు నిండిన బ్యాటరీ 12.6 చూపును. ఇంజను పరుగెత్తునప్పుడు 14 చేరువకు రావలెను. నా బండికి ఇప్పటికిని డైనమోయే గనుక నెమ్మదిగా నడచునప్పుడు ముల్లు దిగుచునే యుండును; అది రోగము కాదు. తీగలు కట్టుటకు ముందు మరియొకటి చూడవలెను. పాత ఇంగ్లీషుజాతి బండ్లలో అనేకముల బ్యాటరీ ధనధ్రువము బండి శరీరమునకు కట్టబడియుండును. నేటి ఆచారము ఋణధ్రువమును కట్టుట. చూడక కట్టిన యెడల కొన్ని మీటర్లు కాలిపోవును. తీగలు ఇంజను వైపునుండి లోనికి వచ్చు రేకురంధ్రమునకు రబ్బరువలయము తొడుగక మానరాదు. రేకు అంచు కత్తివంటిది. ఒక వర్షాకాలములో తీగ తోలును ఒలిచివేయును.

ఇన్నియు కుదిరినవి, మీటర్లు ఎక్కడ పెట్టవలెనను ప్రశ్న మిగిలినది. ఒక్కొక్కటి రెండంగుళముల పైచిలుకు వెడల్పు. డాష్ బోర్డు రేకును గుండ్రముగా కోసి మూడు రంధ్రములు చేసెదనని మెకానిక్కు అనెను. "ఫ్యాక్టరీల చేసినట్టే ఉంటది సార్" అనెను. వాని పనితనమునందు నాకు సందేహము లేదు. కాని ఆ రేకు మీద మా అన్నగారి వ్రేలిగుర్తు ఒకటి ఉన్నది. రాత్రివేళ చీకటిలో తడుముకొని స్విచ్చు నొక్కి నొక్కి ఆ ప్రక్కన రంగు నాణెమంత మేర అరిగి ఇనుము కనబడుచున్నది. మొదటి రంధ్రము సరిగా అక్కడికే వచ్చుచున్నది. మీటరు నేడు పెట్టి రేపు తీయవచ్చును. కోసిన రేకు మరల రాదు. లోకమునందును ఇప్పుడు పాతబండ్ల స్వరూపమునకు విలువ ఏర్పడుచున్నది. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములలో, ఏబదియేండ్లు దాటి మొదటి రూపమున నిలిచిన బండ్లకు వింటేజి అని ప్రత్యేకగణన కలిగినది. చౌమహల్లా ప్రాసాదములో నిజాము రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును చూచినవారెవరైనను, దాని ముఖమున రంధ్రము చేయుమన్న ఒప్పుకొందురా? నాది రోల్స్ రాయిసు కాదు. అయినను నా అన్నగారిది.

మా ఊరిలో మగ్గముల పలకలు, పడుగుమాన్లు బాగుచేయు వడ్రంగి ఉన్నాడు. టేకు పలక ఒకటి అతనిచేత చేయించితిని. మూరెడు పొడవు, మూడంగుళముల వెడల్పు, మూడు గుండ్రని కన్నులు. డాష్ బోర్డు అడుగు అంచున పూర్వమే ఉన్న రెండు స్క్రూలకు దానిని వ్రేలాడదీసితిమి. కొంచెము పైకి వాలునట్లు పెట్టితిమి. లేనియెడల చూచుటకు తల దింపవలసివచ్చి కన్ను బాటమీదినుండి తప్పును. ఆరోగ్యముగా నున్నప్పుడు మూడు ముండ్లును నిలువుగా పైకి నిలుచునట్లు మీటర్లను వానివాని కన్నులలో త్రిప్పి బిగించుట మెకానిక్కు ఉపాయము. అంకెలు వంకరగా కనబడును. కాని చదువ పనిలేదు. ముల్లు వాలినదా లేదా అని క్రేగంట చూచిన చాలును. ఆ ఉపాయము ఏ పుస్తకములోనిదో అడిగితిని. ఏ పుస్తకమును కాదట. వనపర్తి రాజప్రాసాదమునందు నెలకొన్న పాలిటెక్నిక్కులో చదువుకొన్న లారీయజమాని ఒకరు చూపిరట.

మీటర్లు పెట్టిన మరునాడు నేను పండితుడనైతినని భ్రమపడితిని. వేడి 82 అని చూపినది. ఎనుబదిరెండు మంచిదా చెడ్డదా? నాకు తెలియదు. నాడి పట్టుకొన్నంతమాత్రమున వైద్యుడగునా? ఆ మనిషి నాడి ఆరోగ్యములో ఎట్లుండునో ఎరిగియుండవలెను. అందుచేత నలుబది పుటల నోటుపుస్తకము కొని, ప్రతిప్రయాణమునకు వ్రాయుట మొదలుపెట్టితిని. ఉదయము చల్లని ఇంజనుకు ఆయిలు 60 పౌనులు. గంట నడచినపిమ్మట 48. బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు 18. పుష్యమాసపు ఉదయము వేడి 78. వైశాఖపు మధ్యాహ్నము పెబ్బేరు సంత రద్దీలో 92. రహదారి మీదికి రాగానే మరల 84. ఇవి నా బండి అంకెలు. మీ బండివి వేరుగా నుండును. ఆరు నెలలు వ్రాసిన తరువాత పుస్తకము చూడకయే, ముల్లు ఎప్పుడు ఎక్కడ ఉండవలెనో నాకు తెలియసాగినది.

ఆ తెలివికి పరీక్ష 2022 ఏప్రిలులో వచ్చినది. పదియేండ్ల మనుమని వెంటబెట్టుకొని వనపర్తి పోవుచుంటిని. వానికి ముండ్లు చదివి చెప్పు ఉద్యోగమిచ్చితిని. ఊరు దాటినపిమ్మట "ఎనభై ఆరు" అనెను. కొంతసేపటికి "తొంభై" అనెను. ఎండయే గాని ఖాళీబాట. తొంబది రాదగిన చోటు కాదు. వేగము తగ్గించితిని. "తొంభై ఏడు" అనెను. నా గుండె వేగము పెరిగినది. అంతలో వాడు చప్పట్లు కొట్టి, "తాతా, తగ్గుతుంది! తొంభై... ఎనభై... డెబ్బై!" అని కేకవేసెను.

శ్రోతలారా! ఆ క్షణమున నాకును సంతోషమే కలిగినదని దాచక చెప్పుచున్నాను. మనసు కోరుకొన్నదానిని కన్ను వెంటనే నమ్మును. కాని ఆరు నెలల పుస్తకములో, నడచుచున్న బండి వేడి అంత తొందరగా దిగిన పంక్తి ఒక్కటియు లేదు. నీరు ఏనాడును అట్లు చల్లబడలేదు. మరి ముల్లు ఎందుకు దిగినది? బుడ్డి నీటిలో ఉన్నంతవరకే నీటివేడిని చెప్పును. నీరే లేనినాడు అది శూన్యములో వ్రేలాడుచు, చుట్టునున్న గాలివేడిని చెప్పును. ఇంజను కాలిపోవుచున్నను ముల్లు చల్లగా ఉండును. ఈ తలంపు వచ్చుటయు నేను తాళము త్రిప్పి ఇంజనునాపి, బండిని అట్లే దొర్లించి మార్గపు అంచున నిలుపుటయు ఒక్కమారే జరిగినవి.

మూత ఎత్తి చూచితిని. పైగొట్టము బిగింపు క్లిప్పు తెగి, గొట్టము ఊడి వ్రేలాడుచున్నది. నీరంతయు వెనుకబాటలో పోసికొని వచ్చియుంటిమి. రేడియేటరు మూత తీయుటకు మనుమడు చేయి చాచెను. వాని మణికట్టు పట్టుకొని లాగితిని. ఒత్తిడి మూతగల రేడియేటరులో నీరు నూరుడిగ్రీలు దాటినను కాగక అణగియుండి, మూత వదులైనంతనే ముఖముమీదికి ఎగయును. నీరు పోయినదనుకొన్నచోటను ఎక్కడో కొంత మిగిలియుండవచ్చును. ఒక గంట వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. వాడు కథ చెప్పుమనెను. బీచుపల్లి కథ చెప్పితిని. పిమ్మట గొట్టమును బైండింగుతీగతో కట్టి, దగ్గర పొలములో బోరునీళ్లు రెండు బిందెలు అడిగి తెచ్చి కొంచెముకొంచెముగా పోసితిమి. వేడి ఇంజనులో చల్లనినీరు ఒక్కమారు కుమ్మరించిన యెడల ఇనుము పగులవచ్చును. ఇంజను తిరిగినది. ఆయిలు ముల్లు చూచితిని: 50. అక్కడ కొంతసేపు ఏమియు మాటలాడలేకపోతిని. వనపర్తి పోక మెల్లగా ఇంటికి మరలితిమి.

మరునాడు మెకానిక్కు విప్పి చూచి హెడ్డు వంగలేదని చెప్పెను. ఖర్చు ఒక్క క్లిప్పు.

మనుమడు ఇంట ఏమి చెప్పెనో, ఎంత పెంచి చెప్పెనో తెలియదు. ఆ దసరాకు మా ఇంటివారు తామే వచ్చి ముందుసీటులో కూర్చుండిరి. మూడేండ్ల తరువాత. ఈమారు బీచుపల్లి వంతెన దాటి జోగులాంబ దర్శనము చేసికొని వచ్చితిమి. దారిపొడుగున ఆమె చూపు నదిమీదను లేదు, పొలముల మీదను లేదు, టేకుపలక మీదనే. "ఎనభై నాలుగు. ఎనభై నాలుగు. ఎనభై ఐదు. ఏమండీ, ఐదయింది!" అని. పల్లకిలో కూర్చుండి బోయీలను గదుమువారివలె. నేను నోరెత్తలేదు.

ఇప్పుడు మా ఇంట గోడగూటిలో రెండు నోటుపుస్తకములు ఒకదాని ప్రక్కనొకటి ఉండును. అట్టలు రెండును నీలివే. పోయిన నెల బండిని మెకానిక్కు దగ్గరకు పంపుచు, అంకెలు చూచుకొనుమని పుస్తకముకూడ పంపితిని. అరగంటకు అతడు కంగారుగా ఫోను చేసెను.

"సార్, పొద్దున నూట ముప్పై ఎనిమిది, సాయంత్రం నూట నలభై రెండు రాసిండ్రు. ఇంత ఆయిల్ ప్రెషరా? ఇంజను తాకకుండ్రి, నేనే వస్తున్న!"